గాలిని తూచే గడియారం

పొద్దున్నే కాఫీకి నీళ్ళు పెడుతూ స్టవ్ వెలిగించగానే మనం ముందు చూసేది గిన్నెని కాదు, మంటని. నీలంగా, బర్నరు చుట్టూ మొగ్గలు పేర్చినట్టు నిలబడిందా, నిశ్చింతగా ఇంకో పనిలో పడతాం. పచ్చగా నాలికలు చాచుకుంటూ లేచిందా, "అయ్యో, బర్నరు కడిగి ఎన్నాళ్ళయింది!" అని గుర్తొస్తుంది. గిన్నె అడుగు మసిబారితే ఇక చెప్పనే అక్కర్లేదు. అయితే ఇందులో మనం పట్టించుకోని తమాషా ఒకటుంది. ఆ క్షణంలో మనం కొలుస్తున్నది గ్యాసుని కాదు, గాలిని. గ్యాసుకి సరిపడా గాలి కలిసిందా లేదా అన్నది ఏ మీటరూ లేకుండా, ఒక్క చూపులో తూచి తీర్పు చెప్పేస్తున్నాం. మోటారు ఇంజనీర్లు వందేళ్ళకి పైగా తలలు బద్దలుకొట్టుకున్న పని సరిగ్గా ఇదే.

పొయ్యిలో కాలేది కట్టె అంటాం, కిరసనాయిలు అంటాం, గ్యాసు అంటాం. లెక్కకి చూస్తే ఎక్కువ పాలు గాలిదే. ఒక కిలో వంటగ్యాసు పూర్తిగా కాలడానికి సుమారు పదిహేనున్నర కిలోల గాలి కావాలి. మనింటికొచ్చే సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు. అది ఖాళీ అయ్యేలోపల 220 కిలోల గాలి ఆ మంటలోకి నడిచి వెళ్ళిందన్న మాట. పొడవూ, వెడల్పూ, ఎత్తూ పదేసి అడుగులుండే గదులు ఆరున్నర నిండేటంత గాలి! మనం డబ్బిచ్చేది గ్యాసుకే. గాలికి బిల్లు రాదు గనక దాని ఊసు మనకి పట్టలేదు.

పెట్రోలుకి ఈ లెక్క తూకంలో 14.7. ఒక పాలు పెట్రోలుకి పద్నాలుగు ముప్పావుకి రవ్వంత తక్కువ గాలి. ఒక్క లీటరు పెట్రోలు సాంతం కాలాలంటే తొమ్మిదివేల లీటర్ల గాలి కావాలి. గాలి ఇంతకన్న తగ్గితే మిశ్రమం చిక్కన, పెరిగితే పలచన. మజ్జిగ సంగతి లాగే అనుకోండి. చిక్కనైతే పొగ, మసి, పెట్రోలు దండగ. పలచనైతే ఇంజను దగ్గుతుంది, వేడెక్కుతుంది, బరువు లాగే వేళ మరీ పలచనైతే పిస్టన్లే కరిగిపోతాయి.

ఈ లెక్కలు నా బుర్రలోకి ఎలా వచ్చాయంటే, మేమున్నది రామచంద్రాపురంలో. 1960లలో బి.హెచ్.ఇ.ఎల్. ఫాక్టరీ వెలిశాక ఎక్కడెక్కడి జిల్లాల వాళ్ళో వచ్చి కాపురాలు పెట్టిన చోటు. మా ముందునుంచే పోతుంది బొంబాయి రోడ్డు. అటు బందరు నుంచి ఇటు పూణే దాకా పోయే ఈ రోడ్డు అప్పట్లో 9వ నెంబరు జాతీయ రహదారి, 2010లో నెంబర్లు మార్చాక 65. పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారం, కంది, సంగారెడ్డి... ఫాక్టరీ గేటుకీ గేటుకీ నడుమ రేకుల షెడ్లు. వాటిలో లారీ కింద పడుకున్న కాళ్ళు తప్ప మనిషి కనిపించడు. మా మేనల్లుడు ఒక పాత మారుతి కారు కొని, దాని ఇంజను విప్పదీసి, ఏవేవో మార్పులు చేసి, ఆ షెడ్లలో ఒకదాంట్లో బిగిస్తున్నాడు. రోడ్డు మీద తిప్పడానికి కాదు, లారీ మీద ఎక్కించి కోయంబత్తూరులో పందేల బాట మీదికి తీసుకెళ్ళడానికట. స్టీరింగు పక్కన చేతిగడియారమంత డయలు ఒకటి పెట్టాడు. దాని మీద అంకెలు 10 నుంచి 20 దాకా.

"అత్తయ్యా, ఇది చూస్తే ఇంజను లోపలి మంట చూసినట్టే" అన్నాడు.

మంటని చూడ్డానికి గడియారమా అని నాకు ఆశ్చర్యం. అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఈ గాలి కొలతల పూర్వోత్తరాలు కూపీ లాగాను. లాగిన కొద్దీ మన వంటింటి చుట్టరికాలే బయటపడ్డాయి.

మంటని నీలంగా వెలిగించే కిటుకు 1855 ప్రాంతంలో జర్మనీలో హైడెల్బర్గు విశ్వవిద్యాలయంలో కుదిరింది. బున్సెన్ అనే ఆచార్యుడు ఊహ చెబితే డెసాగా అనే పనిముట్ల నిపుణుడు తయారుచేశాడు. గొట్టం అడుగున కన్నం పెట్టి గాలిని ముందుగానే గ్యాసులో కలపడం, అంతే. కన్నం తెరిస్తే నీలం, మూస్తే పసుపు. మన గ్యాసు పొయ్యి కింద ఉండే గాలి కన్నం ఆ వంశంలోదే. తరవాత 1892లో స్వీడను దేశంలో లిండ్‌క్విస్ట్ అనే ఆయన ప్రైమస్ స్టవ్ చేశాడు. అదే మన పంపు స్టవ్వు. చప్పుడు చేస్తూ చేస్తూ నాజిల్ పూడుకుపోతే పిన్ను పెట్టి పొడిచిన చేతులు ఈ పేజీ చదివేవాళ్ళలో ఎన్నో ఉంటాయి.

ఆ పిన్ను పని మోటారుకారుకి మొట్టమొదట చేసింది కూడా ఒక ఇల్లాలే. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా. 1888 ఆగస్టులో మొగుడికి చెప్పకుండా, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైమ్‌కి సుమారు నూరు కిలోమీటర్లు కారు తోలుకుంటూ వెళ్ళింది. దారిలో ఇంధనం మందుల షాపులో కొనుక్కుంది. గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఆ కారులో గాలి పెట్రోలు మీదుగా పోతూ ఆవిరిని మోసుకెళ్ళేది. పాళ్ళు కుదరడం చాలావరకూ దైవాధీనం.

పెట్రోలుని సన్నని తుంపరగా చిమ్మి గాలిలో కలిపితే బాగుంటుందన్న ఆలోచనకి కూడా ఒక ఆడపిల్ల కథ చెబుతారు. హంగరీలో బాంకి, చొంకా అనే ఇద్దరు ఇంజనీర్లు బుడాపెస్టు వీధిలో పూలమ్మే పిల్లని చూశారట. అది పూల మీద నీళ్ళు తుంపరగా చల్లుతోందట. 1893లో వాళ్ళు కార్బురేటరుకి పేటెంటు అడిగారు. అదే ఏడు జర్మనీలో మేబాక్ కూడా తుంపర చిమ్మేదే చేశాడు. పూలపిల్ల సంగతి కట్టుకథే కావచ్చు. కానీ గుడిముందు మల్లెల బుట్టమీద నీళ్ళు చల్లే వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు కార్బురేటరే గుర్తొస్తోంది.

ఇంజనుని మార్చి, గాలి పాళ్ళు తిరగరాసి నడపడం ఏదో ఈ కాలపు కుర్రాళ్ళ సరదా అనుకోకండి. మన పెద్దవాళ్ళు ఊరూరా చూసినదే. వాళ్ళు దాన్ని బొగ్గు బస్సు అన్నారు.

రెండో ప్రపంచయుద్ధం. 1942లో బర్మా జపాను వాళ్ళ చేతికి పోయింది. మనకి నూనె వచ్చే దోవ మూసుకుపోయింది. ఉన్న పెట్రోలు మిలిటరీకి. మరి బస్సులో? పెట్రోలు ఇంజను వెనక ఒక పెద్ద ఇనప డ్రమ్ము తగిలించి, అందులో కట్టెబొగ్గు పోసి, ఆ బొగ్గుని చాలీచాలని గాలిలో కాల్చి, వచ్చిన వాయువుతో బస్సు నడిపారు. బొగ్గు బాగా కాలితే బొగ్గుపులుసు గాలి వస్తుంది, దాంతో ఇంజను నడవదు. సగం సగం కాలాలి. అప్పుడొచ్చేది కార్బన్ మోనాక్సైడు. అదీ, కాస్త హైడ్రోజనూ, మిగతా సగానికి పైగా ఎందుకూ పనికిరాని నత్రజనీ. పెట్రోలు తూకానికి పద్నాలుగింతల గాలి కావాలంటే, ఈ బొగ్గు వాయువుకి కొలతలో తనంత గాలి, మరి కాస్త, చాలు. అదే ఇంజను, అదే డ్రైవరు, పాళ్ళు మాత్రం పూర్తిగా మారిపోయాయి.

మా మామగారిది గుంటూరు జిల్లా. ఆయన చెబుతుంటే సినిమా చూసినట్టుండేది. తెల్లవారుజామున క్లీనరు డ్రమ్ములో నిప్పు రాజేసి, చేత్తో తిప్పే విసిరెపంకా పట్టుకుని అరగంట తిప్పాలి. వాయువు తయారైందో లేదో చూడ్డానికి పక్కనున్న చిన్న గొట్టం తెరిచి అగ్గిపుల్ల గీసి పెట్టేవాడు. మంట తపతపలాడి ఆరిపోతే ఇంకా పంకా తిప్పాలి. నిలకడగా వెలిగితే, "రెడీ!" అని కేకేసేవాడు. చూశారా, అక్కడా మంటే మీటరు. ఇక డ్రైవరు చేతికింద గాలి మీట ఒకటి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా, బొగ్గు కొత్తగా పోసినప్పుడు మరోలా దాన్ని జరుపుతూనే ఉండాలి. ఇంజను చప్పుడు విని చెయ్యి కదలాలి. ఇంత చేసినా పెట్రోలు మీద వచ్చే బలంలో సగమో, ఇంకొంచెం ఎక్కువో. ఏటిగట్టు రాగానే కండక్టరు తలుపు తీసి, "దిగండి బాబూ, దిగండి" అనేవాడట. టిక్కెట్టు కొన్నవాళ్ళే తోసేవాళ్ళు. తెల్లపంచెతో ఎక్కిన పెద్దమనిషి బూడిదరంగు పంచెతో దిగేవాడు. పెళ్ళివారు ఎక్కితే చెప్పనక్కర్లేదు.

నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, ఆ డ్రమ్ములో తయారయ్యేది విషం. వాయువులో పాతిక ముప్పై పాళ్ళు కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువుని మోసే పదార్థం ఉంది చూశారూ, అది ప్రాణవాయువు కన్నా రెండువందల రెట్లు పైగా దీన్ని వాటేసుకుంటుంది. బొగ్గు బస్సుల దగ్గర తల తిరిగి పడిపోయిన క్లీనర్ల సంగతి మామగారు చెప్పేవారు. "ఎండదెబ్బ అనుకునేవాళ్ళం" అనేవారు. చలికాలంలో తలుపులు బిడాయించుకుని కుంపటి పెట్టుకు పడుకుంటే తెల్లవారి లేవని వాళ్ళ వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అదీ ఇదే విషం. గాలి చాలని ప్రతి నిప్పూ దీన్ని కంటుంది. స్టవ్ మీద పచ్చమంట అయినా, సైలెన్సరు గొట్టంలో చిక్కటి పొగ అయినా.

యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, డ్రమ్ములు పాత ఇనప సామానులోకి పోయాయి. గాలి మీట డ్రైవరు చేతినుంచి మెకానిక్కు చేతికి మారింది. అంబాసిడర్లకి చాలాకాలం ఎస్.యు. కార్బురేటరు, ఫియట్లకి సోలెక్సు, 1983 డిసెంబరులో వచ్చిన మారుతికి ఇంకోటి. అన్నిటికీ ఒక చిన్న మరమేకు ఉంటుంది, మిక్చరు స్క్రూ అంటారు. పావు చుట్టు ఇటు తిప్పితే చిక్కన, అటు తిప్పితే పలచన. ఆ పావు చుట్టు తెలిసినవాడే మెకానిక్కు.

వాడి దగ్గర ఏ మీటరూ లేదు. ప్లగ్గు విప్పి రంగు చూసేవాడు. కాటుకలా నల్లగా ఉంటే చిక్కన, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పలచన, మేరీ బిస్కట్టు రంగులో ఉంటే భేష్. పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టేవాడు, వాసన చూసేవాడు, కళ్ళు మండితే తల ఊపేవాడు. ఎన్ని వందల ఇంజన్ల పొగ ఆ ముక్కుల్లోంచి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందో! ఇంగ్లండులో ఒక కంపెనీవాళ్ళు గాజు కిటికీ ఉన్న ప్లగ్గు అమ్మారు. దాంట్లోంచి తొంగి చూస్తే లోపలి మంట రంగు కనిపిస్తుంది. పసుపైతే చిక్కన, నీలమైతే సరి. అచ్చం మన స్టవ్ లెక్కే.

మా ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. మేం సముద్రానికి ఐదువందల మీటర్ల పైన ఉన్నాం. ఇక్కడి గాలి కాకినాడ గాలికన్నా నూటికి ఐదు పాళ్ళు తేలిక. అక్కడ సరిచేసిన కార్బురేటరు ఇక్కడికొస్తే కాస్త చిక్కన పోస్తుంది. కోస్తానుంచి బదిలీ మీద వచ్చిన కార్లు ఇక్కడ "పెట్రోలు తాగుతున్నాయి" అని తిట్లు తినడంలో కారు తప్పు కొంతే.

సంగారెడ్డి వైపు సొంతంగా మోటారు పరిశ్రమ కూడా వచ్చింది. 1942లో హైదరాబాదు సనత్‌నగర్‌లో పుట్టిన ఆల్విన్ మీకు తెలుసుగా. ఫ్రిజ్జు ఆల్విన్, చేతి గడియారం ఆల్విన్, డబుల్ డెక్కరు బస్సుల బాడీ ఆల్విన్, పుష్పక్ స్కూటరూ ఆల్వినే. ఒకప్పుడు పెళ్ళిలో అల్లుడికి పెట్టేవన్నీ ఆల్వినే అనిపించేది. 1980ల మధ్యలో ఆ సంస్థే జపాను వాళ్ళ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు చేసింది. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా చేతికి పోయింది. 2013 నుంచి మహీంద్రావాళ్ళ ట్రాక్టర్లు జహీరాబాదులోనే తయారవుతున్నాయి. అవన్నీ డీజిలు. డీజిలు ఇంజనులో గాలి ఎప్పుడూ పుష్కలం, పోసే నూనె మాత్రమే మారుతుంది. అందుకని దానికి మీటరు నల్లపొగే. ఘాటు మీద లారీ నల్లగా కక్కుతోందంటే నూనె పంపు స్క్రూ ఎవడో బలం కోసం బిగించాడన్న మాట. ఈ రోడ్డు మీద పాతికేళ్ళు ఆ పొగ తినే కూరలు కొన్నాం.

మామూలు మనిషి బండికి కూడా కొలత ఉండాలని చట్టం చెప్పింది 1989 మోటారు వాహనాల నిబంధనల్లో. బండి నిలబెట్టి ఇంజను ఊరికే తిరుగుతుంటే, పొగలో కార్బన్ మోనాక్సైడు కారుకి నూటికి 3, స్కూటరుకి, ఆటోకి 4.5 మించకూడదు. డీజిలుకి పొగ నలుపు లెక్క వేరే. తరవాత తరవాత ఈ అంకెలు బాగా తగ్గాయి, కొత్తరకం కార్లకి గాలి పాళ్ళు కూడా చూడాలన్నారు. పెట్రోలు బంకు పక్కన వ్యానులో గొట్టం దూర్చి కాగితం ఇస్తారే, పొల్యూషన్ సర్టిఫికెట్టు, అది నిజానికి గాలి పాళ్ళ పరీక్షే. గొట్టం దూర్చకుండానే కాగితం ఇచ్చే వ్యాన్లు కూడా ఉన్నాయని మీకు నేను చెప్పాలా? కేంద్ర కాలుష్య మండలి 2009లో దేశంలో మరీ చెడిపోయిన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే అందులో పటాన్‌చెరు–బొల్లారం ఉంది. అది ముఖ్యంగా ఫాక్టరీల పాపం, ఒప్పుకుంటాను. కానీ ఫాక్టరీ పొగగొట్టం ఊరికి దూరంగా, ఎత్తుగా ఉంటుంది. సైలెన్సరు గొట్టం బస్టాపులో నిలబడ్డ చంటిపిల్ల మొహం ఎత్తులో ఉంటుంది.

ఇక అసలు గడియారం సంగతి. దాని గుండెకాయ ఏమిటో తెలుసా? మన జూకాల్లో తళుక్కుమనే అమెరికన్ డైమండు!

నిజమే చెబుతున్నాను. అమెరికన్ డైమండు అంటే జిర్కోనియం అనే లోహం తుప్పు, అంటే ఆక్సైడు. దాంట్లో చిటికెడు ఇట్రియం లాంటిది కలిపి స్ఫటికంగా పోస్తే నగ, పింగాణీలా కాలిస్తే ఈ మీటరు ముక్కు. జిర్కోనియం దొరికేది సముద్రపు ఒడ్డు ఇసకలో. అలాంటి ఇసకనుంచే హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వాళ్ళు అణువిద్యుత్తు కోసం జిర్కోనియం తీస్తారు. ఈ పింగాణీకి ఒక గుణం ఉంది. ఎర్రగా కాల్చితే దాంట్లోంచి ప్రాణవాయువు నడిచిపోతుంది, విద్యుత్తుని మోస్తూ. జర్మనీలో నెర్న్‌స్ట్ అనే శాస్త్రవేత్త 1890ల చివర్లో దీంతో దీపమే చేశాడు. స్విచ్చి వేస్తే వెలగదు, ముందు కాస్త వేడిచెయ్యాలి. దీపం నిలవలేదు గాని ఆయనకి 1920 రసాయన నోబెలు వచ్చింది, దీపానికి కాదనుకోండి.

ఆ పింగాణీతో వేలితొడుగంత ముక్కు చేసి పొగగొట్టంలో బిగించారు. బయటివైపు పొగ, లోపలివైపు మామూలు గాలి. రెండు పక్కలా ప్రాణవాయువు తేడాని బట్టి చిన్న విద్యుత్తు పుడుతుంది. చిక్కనైతే ముప్పాతిక వోల్టు పైన, పలచనైతే సున్నాకి దగ్గర. జర్మనీ బాష్ కంపెనీ చేసిన ఈ ముక్కు మొదట 1976లో అమెరికా వెళ్ళే వోల్వో కార్లలో వచ్చింది. పొగలోని విషాన్ని విరిచే డబ్బా, కేటలిటిక్ కన్వర్టరు, సరిగ్గా పనిచెయ్యాలంటే పాళ్ళు 14.7 దగ్గర కదలకుండా నిలవాలి. అందుకోసం. తమాషా ఏమిటంటే, అమెరికన్ డైమండు నగల కోసం బజారులోకి రావడం మొదలైంది కూడా ఆ 1976లోనే. ఒకే ఏడు ఒకటి చెవికి, ఒకటి పొగగొట్టానికి!

మన దేశానికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పెట్రోలులో సీసం ఉంటే ఈ ముక్కు మూగబోతుంది, కన్వర్టరూ చచ్చిపోతుంది. సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్లో నాలుగు మహానగరాలకి వచ్చింది, దేశమంతటికీ 2000 ఫిబ్రవరి నుంచి. ఆ తరవాతే కార్బురేటర్లు పోయి కంప్యూటరు పెట్రోలు కొలిచి చిమ్మే కార్లు మన వీధుల్లోకి వచ్చాయి. పావు చుట్టు తెలిసిన మెకానిక్కుల్లో చాలామందికి మిక్చరు స్క్రూ ఎక్కడుందో వెతుక్కున్నా కనిపించలేదు. కొందరు పంక్చరు షాపులు పెట్టుకున్నారు.

తొలి ముక్కుకి ఒక లోపం. కూరలో ఉప్పు ఎక్కువా తక్కువా అంటే చెబుతుంది, ఎంత ఎక్కువో చెప్పలేదు. 1990లలో వచ్చిన రెండో రకం ఎంతో కూడా చెబుతుంది. మా మేనల్లుడు పెట్టింది అదే. ఇంజను మార్చినవాళ్ళకి ఇది ఎందుకు కావాలంటే, కంపెనీ కంప్యూటరులో రాసిన పాళ్ళు పాత ఇంజనుకి రాసినవి. గాలి ఎక్కువ పీల్చేలా మార్చాక ఆ లెక్క చెల్లదు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, గళ్ళ పట్టిక ఒకటి దిద్దుతూ కూర్చుంటారు. అచ్చం మన క్రాస్‌స్టిచ్ గ్రాఫు లాంటిదే. అడ్డగళ్ళు ఇంజను వేగానికి, నిలువుగళ్ళు లాగే బరువుకి. ఒక్కో గడిలో ఎంత పెట్రోలు పొయ్యాలో రాసి, ముల్లు చూసి, మళ్ళీ దిద్దాలి. మెల్లగా పోయేటప్పుడు 14.7. బలమంతా కావాల్సినప్పుడు 12.5, 13 మధ్య. ఉన్న గాలి నంతా వాడుకోడానికి, లోపల చల్లబరచడానికి కాస్త ఎక్కువ పెట్రోలు పొయ్యాలట. టర్బో తగిలిస్తే పదకొండున్నర, పన్నెండు. అక్కడ పదిహేను చూపిస్తే వెంటనే కాలు తియ్యాలి. లేకపోతే పిస్టను మీద ఆశ వదులుకోవడమే.

అంటే పందెం కారు గెలవాలంటే చిక్కగా కాలాలి, చిక్కగా కాలితే విషం పుడుతుంది. పైగా గొట్టంలో అడ్డమని కన్వర్టరు డబ్బా పీకేస్తారు చాలామంది. పందెం బాట మీద అయితే వాళ్ళ సరదా. అదే బండి మా బస్టాపు ముందుకొస్తే? కంపెనీ చేసినప్పటి వివరాలకి విరుద్ధంగా బండి మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఆ మాట నేనంటే మావాడు, "అందుకే కదా అత్తయ్యా లారీ మీద తీసుకెళ్తోంది" అన్నాడు. డబ్బా పీకావా అంటే మాత్రం వినబడనట్టు పట్టిక దిద్దుకున్నాడు.

ఆ షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. కార్బురేటర్ల కాలంవాడు, ఇప్పుడు కుర్రాళ్ళకి చేదోడుగా ఉంటాడు. నేను వెళ్ళిన రోజు ముల్లు 17 చూపిస్తోంది. పలచనైపోయిందని మావాడు గళ్ళలో పెట్రోలు పెంచుతున్నాడు. పెంచిన కొద్దీ ముల్లు ఇంకా పైకి పోతోంది. పెద్దాయన ఊరుకోలేక ఇంజను ఆపమని, ఒక్కో ప్లగ్గూ విప్పి నా ముందు కాగితం మీద పరిచాడు.

"సూడుండ్రి అమ్మా. మీటరేమో పలచన అంటున్నది. ఈ ప్లగ్గేమో బొగ్గులెక్కున్నది. మూడు సిలిండర్లల్ల ఒక్కటి అంటుకుంటలేదు. దాని పెట్రోలు, దాని గాలి అట్లనే బయిటికి పోతున్నయి. మీటరుకు గాలి ఒక్కటే తెల్వాలె గద!"

నాకు అర్థమయ్యేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆ ముక్కుకి తెలిసిన వాసన ఒక్కటే, ప్రాణవాయువు. ఒక సిలిండరు రాజుకోకపోతే దాని గాలి వాడకుండానే గొట్టంలోకి వచ్చేస్తుంది. ముక్కు దాన్ని చూసి గాలి ఎక్కువైందంటుంది, పక్కనే కాలని పెట్రోలు కారుతున్నా సరే. గొట్టానికి ఎక్కడైనా చిల్లి ఉండి బయటి గాలి దూరినా ఇదే తంతు. ప్లగ్గు తీగ మార్చగానే ముల్లు చటుక్కున 11కి పడింది. పెంచిన పెట్రోలంతా మళ్ళీ గడి గడికీ తగ్గించుకుంటూ మావాడు సాయంత్రం దాకా కూర్చున్నాడు. పెద్దాయన టీ తెప్పించాడు.

ఇప్పుడు పెట్రోలే మారుతోంది. చెరకూ, ధాన్యమూ వగైరాలనుంచి తీసిన ఇథనాలు నూటికి 20 పాళ్ళు కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి రావడం మొదలైంది. మద్యసారం కలపడం మనకి కొత్తేమీ కాదు, 1948లోనే పవర్ ఆల్కహాలు చట్టమని ఒకటి చేశారు. ఇథనాలు తనలోనే కొంత ప్రాణవాయువు మోసుకొస్తుంది గనక గాలి తక్కువ అడుగుతుంది, పాలుకి తొమ్మిది పాళ్ళు చాలు. ఇరవై పాళ్ళు కలిస్తే 14.7 కాస్తా పదమూడున్నరకి దిగుతుంది. ఈ లెక్క నేను కాగితం మీద వేసుకుని, గర్వంగా పట్టుకెళ్ళి మావాడికి చూపించాను.

"మరి నీ గడియారంలో ముల్లు ఇంకా 14.7 దగ్గరే నిలుస్తోందేమిరా? నువ్వు పోస్తున్నది కొత్త పెట్రోలేగా?"

వాడు నవ్వాడు. ఆ ముక్కు నిజంగా కొలిచేది పాళ్ళని కాదట. కావలసిన గాలికీ, వచ్చిన గాలికీ ఉన్న నిష్పత్తిని. సరిగ్గా సరిపోతే ఒకటి. దాన్ని లాంబ్డా అంటారు. డయలు చేసినవాళ్ళు దాన్ని 14.7తో హెచ్చవేసి చూపిస్తారు, పాత పెట్రోలు అలవాటు కొద్దీ. ఏ నూనె పోసినా, సరిపోయిందంటే 14.7 అనే చెబుతుంది.

"అయితే అబద్ధం చెబుతున్నట్టేగా?"

"నిజమే చెబుతోంది అత్తయ్యా, పాత భాషలో."

పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి డయలు పక్కనున్న బొత్తాము రెండుసార్లు నొక్కాడు. అంకెలు మారాయి. ఇంజను ఊరికే తిరుగుతోంది, పొగగొట్టం దగ్గర ఏమీ కనిపించడం లేదు. ముల్లు ఒకటి దగ్గర సన్నగా వణుకుతూ నిలబడింది.